జనరల్ వార్డు గోడమీది పెట్టె

ఉత్తరంలో రెండే వాక్యాలు ఉండాలని మామ చెప్పాడు. ఫలానా రోజున ఆసుపత్రి వైర్‌లెస్ నెట్‌వర్క్‌లో ఎలాంటి లోపమూ లేదు. జనరల్ వార్డుతో సహా అన్నిచోట్లా పరికరాలు సక్రమంగా పనిచేస్తున్నాయి. కింద నా సంతకం, కంపెనీ ముద్ర.

"టైపు చేసి ఇచ్చేయి. మద్దేనం లోపల వాళ్లకి కావాలంట," అన్నాడు.

"ఎందుకంట మామా?"

"ఎవురో నర్సు చేసిన తప్పుకి ఒకాయనకి సూది రెండుసార్లు పడిందంట. విచారణ పెట్టినారు. ఆయమ్మ మిషను మీద చెప్తా ఉండాది. నడమ మన పేరు రాకూడదు కదా."

ఇది జరిగి చాలా ఏళ్లయింది. మామంటే మా అమ్మ సొంత తమ్ముడు, చిన్నప్పుడు నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లినవాడు. అయినా ఆ ఉదయం ఆయన ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 'ఎవురో నర్సు' అన్నాడు. ఆవిడ నేనెరిగిన మనిషేనని ఆ రోజే తేలింది.

ముత్తియాల్‌పేటలో మామకి ఒక కొట్టు ఉండేది. కింద కంప్యూటర్ సామాన్ల అమ్మకం, రిపేర్లు. మేడమీద రెండు బల్లలు, ఒక ఫ్యాను, నేను. రెండువేల నాలుగైదు ప్రాంతాల్లో మా ఊరికి వైర్‌లెస్ కొత్త. మొదట అడిగింది సముద్రం పక్కన పాత ఫ్రెంచి పేట వైట్ టౌన్‌లో విదేశీయులు దిగే గెస్ట్‌హౌసులవాళ్లు. ఇంజనీరింగ్ చదివి వచ్చి ఊరికే కూర్చున్న నన్ను మామ ఆ పనిలో పెట్టాడు. నేను చదివింది నెల్లూరు వైపు కాలేజీలో. తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నది కూడా అక్కడే, హాస్టల్ గదిలో స్నేహితురాళ్ల దగ్గర. ఊరూ బడీ తమిళమే అయినా మా ఇళ్లలో తరతరాలుగా తెలుగే మాట్లాడతాం, కానీ తెలుగు అక్షరాలు ఎవరికీ రావు. ఇది అచ్చయినా మామ చదవలేడు. అందుకు నాకు ఊరటగా ఉందో కష్టంగా ఉందో చెప్పలేను.

గెస్ట్‌హౌసుల తర్వాత మాకు దొరికిన పెద్ద పని ఆ ఆసుపత్రి. ప్రైవేటుది. పేరు రాయను. ఒక పాత కట్టడం, దానికి అతికించినట్టు నాలుగంతస్తుల కొత్త కట్టడం. పాతదాంట్లో కింద జనరల్ వార్డు, ఇరవైనాలుగు పడకలు. కొత్తదాంట్లో పై అంతస్తులో డీలక్స్ గదులు, డైరెక్టర్ గది. వార్డుల్లో నర్సుల చేతికి అరచేతంత కంప్యూటర్లు ఇస్తామని, ఏ రోగికి ఏ మందు ఎప్పుడు ఇచ్చారో పడక దగ్గరే నొక్కితే వైర్‌లెస్ మీద వెళ్లి రికార్డులో పడాలని యాజమాన్యం చెప్పింది.

వైర్‌లెస్ గాల్లో వచ్చేదే కదా, సిగ్నల్ పంపే పెట్టె ఎక్కడ తగిలిస్తేనేం అనుకుంటారు చాలామంది. గెస్ట్‌హౌసులో అలా అనుకుంటే నష్టం లేదు, ఈమెయిల్ రాకపోతే మనిషి లేచి వరండాలోకి వస్తాడు. ఆసుపత్రి వేరు. పాత కట్టడం గోడలు మూర మందం. వార్డు అవతల ఎక్స్‌రే గది, దాని గోడకు సీసం రేకులు. వార్డు మధ్యలో ఇనప బీరువాలు. ఇవన్నీ సిగ్నల్‌ని మింగేస్తాయి. అందుకని పెట్టెలు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి నేను లాప్‌టాప్ రెండు చేతుల్లో పట్టుకుని నాలుగు రోజులు ఆ ఆసుపత్రంతా నడిచాను. ప్రతి పదడుగులకూ ఆగడం, సిగ్నల్ ఎంతుందో చూడడం, ప్లాను కాగితం మీద రంగు పెన్సిలుతో గుర్తు పెట్టడం.

జనరల్ వార్డులో నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంటే వెనకనుంచి ఎవరో అన్నారు.

"తెలుగులో ఎంచుతాండావే. మనోళ్లా? యాడ మీ ఇల్లు?"

ఆ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్. యాభై దాటిన మనిషి. ఇల్లు మా వీధికి నాలుగు వీధుల అవతలే. పాతికేళ్లకు పైగా ఆ పనిలో ఉంది. నేను ఆవిడను సిస్టరక్కా అని పిలవడం మొదలుపెట్టాను. నేను ఏం చేస్తున్నానో అడిగి తెలుసుకుని, అప్పటినుంచి నాతో పాటే నడిచింది. ఆవిడ అడిగిన ప్రశ్నలు అంతకుముందు మీటింగుల్లో ఏ డాక్టరూ అడగలేదు.

"పన్నెండో పడక కాడ చుట్టూ కర్టెను లాగి, మేము నలుగురం నిలబడుకుంటే అప్పుడు కూడా వస్తాదా?"

"ఈ బీరువా ఇప్పుడీడుండాది. వానాకాలం నీళ్లు కారితే ఆ పక్కకి జరుపుతాం. అప్పుడేంది?"

బీరువాను ఆయాలతో జరిపించి మళ్లీ కొలిపించింది. కర్టెన్లు లాగించి, మనుషుల్ని నిలబెట్టి కొలిపించింది. చివరికి ఆ వార్డుకు నాలుగు పెట్టెలు కావాలని తేలింది. రెండు చాలు అనుకుని వచ్చినదాన్ని. ఆవిడ లేకపోతే రెండే రాసి ఉండేదాన్ని. నేను అప్పటిదాకా గీసినవాటిలో అంత మంచి ప్లాను ఇంకోటి లేదు.

తర్వాత నేను చేసిన పని చెప్పాలి.

పెట్టెలు బిగించడం మా కుర్రాళ్లు, ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ కలిసి చేశారు. అంతా అయ్యాక నేను వెళ్లి మళ్లీ ఒకసారి మొత్తం నడిచి, ప్లానులో ఉన్నట్టే ఉందని సంతకం పెట్టాలి. ఆ రోజు కొత్త కట్టడంలో నడుస్తుండగా అక్కడక్కడ అనుకున్నదానికంటే సిగ్నల్ ఎక్కువే కనిపించింది. మంచిదే కదా అనుకుని, అక్కడి పెట్టెలు లెక్కపెట్టలేదు. జనరల్ వార్డు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం అయిదయింది. వార్డు మూసి రంగులు వేస్తున్నారు. పరికరాల వ్యవహారం చూసే మేనేజరు గుమ్మం దగ్గరే ఆపాడు. నలభై ఏళ్లుంటాయి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ తొందర.

"లోపల రంగు తడిగా ఉంది మేడమ్. మంచాలన్నీ మూలకి నెట్టాం, నడవడానికి దారి లేదు. నాలుగూ బిగించేశారు, నేనే చూశాను," అన్నాడు తమిళంలో. "ఎల్లుండి ప్రారంభోత్సవం. సంతకం పెట్టేస్తే సార్‌కి చూపిస్తాను."

గుమ్మంలోంచి తొంగిచూశాను. ఎదురుగోడమీద తెల్లటి పెట్టె ఒకటి కనిపించింది. ఉదయం నుంచి నడిచి కాళ్లు పీకుతున్నాయి. సంతకం పెట్టేశాను. 'జనరల్ వార్డు, నాలుగు, పరీక్షించడమైనది' అని ఉన్న వరస పక్కన కూడా పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు.

మూడు నెలల తర్వాత మామ నన్ను ఆ ఉత్తరం రాయమన్నాడు.

"పోయి చూసి వచ్చి రాస్తాను," అన్నాను.

"ఏంది చూసేది? సుమ్మా ఊరికే పోయి లేనిపోనివి కెలక్కు."

వినకుండా స్కూటర్ తీసుకుని వెళ్లాను.

వార్డులో సిస్టరక్క లేదు. మూడు రోజుల క్రితమే సస్పెండ్ చేసి ఇంటికి పంపేశారని ఆయా చెప్పింది. ఏం జరిగిందో ఆ మధ్యాహ్నం రెండో షిఫ్టు చేసిన చిన్న నర్సు చెప్పింది. ఉద్యోగంలో చేరి నెలన్నర కూడా కాలేదు ఆ అమ్మాయి. చెబుతున్నంతసేపూ వార్డు తలుపు వైపే చూస్తూ ఉంది.

పద్నాలుగో పడకలో ఒక పెద్దాయన. మిల్లులో పనిచేసి రిటైరైనవాడు, చక్కెర జబ్బు, కాలికి మానని పుండు. ఆ రోజు పన్నెండూ యాభై ప్రాంతంలో, భోజనానికి ముందు, సిస్టరక్క ఆయనకు ఇన్సులిన్ సూది వేసి చేతి కంప్యూటర్‌లో నొక్కింది. రెండింటికి షిఫ్టు మారింది. 'మద్దేనం సూదులు అందరికీ అయిపోయాయి' అని నోటిమాటగా చెప్పి వెళ్లింది. చిన్న నర్సు వార్డు గుమ్మం దగ్గరున్న కంప్యూటర్‌లో చూస్తే పద్నాలుగో పడక ఎదుట ఇంకా ఎర్రగా ఉంది, ఇవ్వలేదని. కాగితం చార్టులు అప్పటికే తీసేశారు. మిషన్‌లో ఉన్నదే రికార్డు, నోటిమాట చెల్లదని యాజమాన్యం సర్క్యులర్ ఇచ్చింది. అది గోడమీద అంటించి ఉంది. ఆ అమ్మాయి పెద్దాయన్ని అడిగింది. "రోజుకి ఎన్ని గుచ్చుతారో నాకేం తెలుసమ్మా" అన్నాడాయన. రెండుంపావుకు రెండో సూది వేసింది. మూడున్నరకి ఆయనకు చెమటలు పట్టి, పిలిస్తే పలక్కుండా అయిపోయాడు. నరంలోకి గ్లూకోజ్ ఎక్కించి ఐసీయూకి తీసుకెళ్లారు. బతికాడు.

రికార్డులో సిస్టరక్క ఎంట్రీ రెండూ నలభైకి పడింది. అంటే ఆవిడ వెళ్లిపోయిన నలభై నిమిషాల తర్వాత. వాళ్లకు అది చాలు. సమయానికి నమోదు చేయలేదు, తర్వాత ఎవరిచేతో నొక్కించి కప్పిపుచ్చాలని చూసింది. సస్పెన్షన్ కాగితంలో రాసింది ఇదే.

నేను లాప్‌టాప్ తెరిచాను. వరండాలో సిగ్నల్ నిండుగా ఉంది. గుమ్మం దాటి మూడడుగులు వేస్తే సగమైంది. ఆరో పడక దగ్గర పూర్తిగా పోయింది. అక్కణ్ణుంచి ఆఖరి పడక దాకా నడిచాను, వెనక్కి నడిచాను. ఏమీ లేదు. పద్నాలుగో పడక దగ్గర నిలబడి చూశాను. ఏమీ లేదు. గోడలు చూశాను. ఎదురుగోడమీద నేనా రోజు తొంగిచూసిన పెట్టె ఒక్కటే ఉంది. మిగతా మూడూ లేవు. వాటికోసం తవ్విన ఆనవాలు కూడా లేదు.

ఆయాను స్టూలు పట్టుకోమని ఎక్కాను. పెట్టెకు చెయ్యి తగిలిస్తే ఊగింది. ఒక్క మేకుకు తగిలించి ఉంది. కేబుల్ లేదు. వెనక గోడకు రంధ్రం లేదు. తీసి చేతిలో పట్టుకుంటే బరువే లేదు, లోపల ఏమీ లేని ప్లాస్టిక్ డొప్ప. తిప్పి చూస్తే అడుగున మా కొట్టు రిపేరు స్టిక్కర్ ఉంది. దానిమీద మామ చేతిరాతతో, తమిళంలో, 'చచ్చింది, పక్కన పెట్టండి' అని ఉంది.

ఆ డొప్ప చేతిలో పట్టుకునే నాలుగో అంతస్తుకు ఎక్కాను. డీలక్స్ గదుల వరండాలో నా ప్లానులో లేనివి మూడు ఉన్నాయి. నాలుగోది డైరెక్టర్ గదిలో, ఆయన కుర్చీ వెనక, అద్దాల బీరువా మీద. గదుల్లో దిగే వాళ్లు ఇంటర్నెట్ సరిగ్గా రాలేదంటే బావుండదని మార్చారట. అక్కడి క్లీనరు చెప్పాడు, దాచాల్సిన విషయమని కూడా వాళ్లెవరూ అనుకోలేదు.

కిందికి వచ్చి సిస్టరక్క వాడిన చేతి కంప్యూటర్ ఇమ్మని అడిగాను. చిన్న నర్సు సొరుగులోంచి తీసిచ్చింది. సిగ్నల్ లేనప్పుడు నొక్కింది ఆ మిషన్ తనలోనే దాచుకుంటుంది, సిగ్నల్ దొరికినప్పుడు పంపుతుంది. రికార్డులో పడేది అందిన సమయం. నొక్కిన సమయం మిషన్ లోపలి ఫైలులో విడిగా ఉంటుంది. కేబుల్ పెట్టి ఆ ఫైలు తెరిచాను. పద్నాలుగో పడక, ఇన్సులిన్, నొక్కింది పన్నెండూ యాభైరెండు. అందింది రెండూ నలభై. ఆ సమయానికి ఆ మిషన్‌ను ఛార్జింగ్‌కి పెట్టడానికి వరండా దగ్గరికి తీసుకెళ్లింది తానేనని చిన్న నర్సు చెప్పింది.

మనిషి పాతికేళ్ల ఉద్యోగం మీద మచ్చ పెట్టేముందు ఈ ఫైలు తెరిచి చూడడానికి వాళ్లకి పది నిమిషాలు పట్టేది. ఒక్కరూ చూడలేదు.

కొట్టుకు తిరిగి వెళ్లి డొప్పను మామ బల్లమీద పెట్టాను. కింద గిరాకీలు ఉన్నారు. ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఈ స్టిక్కర్ నువ్వు అతికించిందే కదా?"

"వాళ్లడిగిరి, ఇస్తిని. ఓపెనింగుకి వచ్చేవాళ్లకి గోడమీద ఒకటన్నా కనబడల్ల అనిరి. అప్పురం, ఓపెనింగు అయినాక, నిజమైనవి పెట్టుకుంటాం అనిరి. నేనేం చేసేది?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు సంతకం పెడ్తువా?" అన్నాడు.

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నేను నిజాయితీపరురాలినని నమ్మాడు కాబట్టే నా దగ్గర దాచాడు. నా నిజాయితీ వాళ్లకు అలా పనికొచ్చింది. ఉత్తరం రాయనని మాత్రం చెప్పి వచ్చేశాను.

సిస్టరక్క ఇంటికి వెళ్లేసరికి ఆవిడ తిన్నెమీద కూర్చుని మునగాకు దూస్తోంది. నన్ను చూసి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. పెట్టెలు నాలుగూ పైకెళ్లడం, డొప్ప, స్టిక్కర్, ఫైలులో సమయం. ఆవిడ చేతులు ఆగలేదు.

"నాలుగు కదా మనం రాసింది," అంది చివరికి.

"అవునక్కా."

"మూడు నెల్లుగా పద్దెనిమిది పడకలకి మందిచ్చేది, మిషను ఎత్తుకుని వరండాకి పొయ్యేది, పంపించి మళ్లా వచ్చేది. మోకాళ్లు పోయినాయి. ఆ పొద్దు పదిహేనో పడకాయన వాంతి చేసుకుంటాండె, పోలేకపోతిని. మేనేజరుకి మూడు తూర్లు చెప్తిని. ఒకసారి రాసి కూడా ఇస్తిని. 'నీకు వయసైపోయింది సిస్టర్, చిన్నపిల్లోల్లని చూసి నేర్చుకో' అనె, అందరి ముందరా. అప్పుడు నేనూ అనుకుంటిని, పెట్టె గోడమీదుండాది కదా, నాకే చేతకాలేదేమో అని."

నేను ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది.

"రంగు తడిగా ఉండాదని లోపలికి రాలేదంటివి. వచ్చుంటే ఏమయ్యుండును? నీ గుడ్డలకి రంగు అంటుండును. అంతే కదా?"

ఆ వీధిలోంచి నడిచి వెళ్తుంటే నాకు వచ్చిన కోపం మేనేజరు మీద కాదు, మామ మీద కూడా కాదు.

విచారణ మర్నాడు పదకొండింటికి. పొడుగాటి బల్లకు అవతల ముగ్గురు. ఆసుపత్రి పెద్ద డాక్టరు, మేనేజరు, సిబ్బంది వ్యవహారాలు చూసే ఒకావిడ. ఇవతల సిస్టరక్క, ఇస్త్రీ చేసిన తెల్ల చీరలో. మామ రాయమన్న ఉత్తరం తెచ్చాననుకుని నన్ను లోపలికి పిలిచారు. నేను డొప్పను, మొదటి ప్లాను కాగితాన్ని, ఫైలు ప్రింటును బల్లమీద పెట్టి విషయం చెప్పాను.

మేనేజరు తడబడలేదు. తన ఫైలులోంచి నా సంతకమున్న కాగితం తీసి డాక్టరు ముందుకు తోశాడు. "నాలుగూ పరీక్షించానని ఈవిడే సంతకం పెట్టింది సార్. లోపముంటే వాళ్ల కంపెనీది."

"పెట్టాను. లోపలికి వెళ్లకుండా పెట్టాను. అది నా తప్పు," అన్నాను. "ఆ నాలుగూ ఇప్పుడు నాలుగో అంతస్తులో ఉన్నాయి. మార్చమని చెప్పింది నేను కాదు."

డాక్టరు డొప్పను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఎవరు మార్చమన్నారు?" అని అడిగాడు. మేనేజరు, "మేనేజ్‌మెంట్ నిర్ణయం సార్," అన్నాడు. ఆ తర్వాత డాక్టరు ఇంకేమీ అడగలేదు. డైరెక్టర్ గదిలో, కుర్చీ వెనక ఉన్న పెట్టెను ఆయనా రోజూ చూస్తూనే ఉండి ఉంటాడు.

అప్పుడు సిస్టరక్క తాను రాసిచ్చిన ఫిర్యాదు నకలు తీసి పెట్టింది. 'ఆరో పడక దాటాక మిషన్ పనిచేయడం లేదు' అని తారీఖుతో సహా రాసి, కింద మేనేజరు ఆఫీసు ముద్ర వేయించుకుంది. అది పెట్టి, తమిళంలో, గొంతు పెంచకుండా అడిగింది. "పద్నాలుగో పడకాయన ఎలా ఉన్నాడో మీ ముగ్గురిలో ఎవరైనా వెళ్లి చూశారా?"

ఎవరూ చూడలేదు. ఆయన ఇంటివాళ్లకు ఏం చెప్పారో కూడా అక్కడే బయటపడింది. పెద్దాయన మధ్యాహ్నం సరిగ్గా తినకపోవడం వల్ల చక్కెర పడిపోయిందని చెప్పారట. వాళ్ల కోడలు రోజూ తెచ్చే అన్నం ఆ రోజు ఆయన మొత్తం తిన్నాడని సిస్టరక్క చెప్పింది. తినిపించిన కోడలు, మామగారికి తక్కువ పెట్టానేమో అని ఏడుస్తూ తిరుగుతోందని ఆయా తనతో అన్నదని కూడా చెప్పింది. సిబ్బంది వ్యవహారాల ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, "అది ఈ విచారణ పరిధిలోకి రాదు సిస్టర్," అంది. ఆ మాట విన్నప్పుడు అరవాలనిపించింది, అరవలేదు. అరవకపోయినందుకు ఇప్పటికీ నామీద నాకు విసుగు.

రెండు రోజుల తర్వాత సస్పెన్షన్ ఎత్తేశారు. ఎత్తేస్తూ ఒక హెచ్చరిక ఇచ్చారు, ఇకమీదట నమోదు విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలని. అంటే తప్పు ఆవిడదే, వాళ్లు పెద్ద మనసుతో వదిలేశారు. అందుకున్నట్టు సంతకం పెట్టమంటే, సిస్టరక్క దానికిందే 'ఇది నేను ఒప్పుకోను' అని తమిళంలో రాసి, సంతకం పెట్టి, తిరిగి ఇచ్చేసింది. అక్కణ్ణుంచి నేరుగా ఐసీయూ బయట కూర్చుని ఉన్న ఆ కోడలి దగ్గరికి వెళ్లి, సూది రెండుసార్లు పడిందని, అన్నం తక్కువై కాదని చెప్పింది.

ఇది సహించలేకపోయారు. ఆవిడను ఇన్‌ఛార్జి పనినుంచి తీసేసి ఔట్‌పేషెంట్ల సూదిగదికి మార్చారు. పెద్దాయన కొడుకు ఆసుపత్రికి వచ్చి గట్టిగా అడిగాడని, అతన్ని డైరెక్టర్ గదిలో కూర్చోబెట్టి ఏదో మాట్లాడి పంపారని విన్నాను. ఏం మాట్లాడారో తెలియదు. పెద్దాయన పుండు మానకుండానే ఇంటికి వెళ్లాడు. ఏడాది తిరగకముందే సిస్టరక్క రాజీనామా చేసి ఊరి చివర గోరిమేడు వైపు ఒక చిన్న నర్సింగ్‌హోములో చేరింది.

మా కంపెనీని పనినుంచి తీసేశారు. జనరల్ వార్డులో నాలుగు పెట్టెలూ మళ్లీ బిగించారట, వేరే కంపెనీవాళ్లు, నేను గీసిన ప్లాను చూసే. ఆ వారంలోనే అయిపోయింది. మూడు నెలలుగా చేతకాని పని ఒక్క వారంలో అయింది.

మామ నాతో ఏడాదిన్నర మాట్లాడలేదు. మా అమ్మ కూడా ఆయన పక్షమే. "బయట మనిసికోసం సొంత మామ పొట్ట కొడితివి," అంది. బయట మనిషి కాదు, నాలుగు వీధుల అవతలే ఉంటుంది అన్నాను. అమ్మకు ఆ లెక్క అర్థం కాలేదు. నేను కొట్టు మానేసి, ఆఫీసులకు కేబుళ్లు వేసే ఇంకో చోట చేరాను. మామ చెడ్డవాడని ఇప్పటికీ అనలేను. అడిగినవాళ్లకు అడిగింది ఇవ్వడం వ్యాపారమని నమ్మిన మనిషి. కానీ పద్నాలుగో పడక ఎలాంటిదో ఆయన ఎప్పుడూ చూడలేదు, చూడమంటే రాలేదు. ఆయన్ని ఆ విషయంలో నేను మన్నించలేదు.

సిస్టరక్క నన్ను మన్నించిందో లేదో తెలియదు. సంతలో కనిపిస్తే ఆగుతుంది. "బాగుండావా? పని చేస్తాండావా?" అని అడుగుతుంది. నేను ఇంటికి రమ్మంటే, "చూస్తాం," అంటుంది. ఎప్పుడూ రాలేదు. రమ్మనడం నేను మానలేదు.

నాలుగైదేళ్ల తర్వాత ఒక ఆదివారం ఉదయం వైట్ టౌన్‌లో, సముద్రం పక్కన నడుస్తుంటే ఆ మేనేజరు ఎదురయ్యాడు. బూట్లు, టోపీ, పక్కన భార్య. ఇప్పుడు ఇంకా పెద్ద ఆసుపత్రిలో, ఇంకా పెద్ద పదవిలో ఉన్నాడు. పాత స్నేహితుల్ని చూసినట్టు నవ్వాడు.

"మేడమ్, మంచి సమయానికి కనిపించారు. కొత్త బ్లాక్ కడుతున్నాం, మొత్తం వైర్‌లెస్. మీలా ఓపికగా కొలిచేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. వచ్చి ఒక ప్లాను గీసివ్వండి."

"జనరల్ వార్డు ఉందా అందులో?" అని అడిగాను.

"ఉంటుంది కదా."

"దానికి గీసినవి దానికే ఉంచుతారా?"

అతను నవ్వు ఆపలేదు. "ఇంకా అదే పట్టుకుని ఉన్నారా మీరు? అది ఏదో చిన్న అపార్థం. అందరికీ ఒకటి రెండు జరుగుతాయి."

"ఆ పెద్దాయన మీకు గుర్తున్నాడా? ఆయన కోడలు?" అన్నాను. నా గొంతు పెరిగింది. నడిచేవాళ్లు ఇద్దరు ఆగి చూశారు. "సిస్టర్‌కి వయసైపోయిందని అందరి ముందూ అన్నారు మీరు. గోడమీద డొప్ప తగిలించి, అది పనిచేయలేదని చెప్పినామెను చేతకానిదన్నారు. అది అపార్థం కాదు. మీకు తెలిసే చేశారు."

అతని భార్య అతని వైపు చూసింది. అతను నాకు కాదు, ఆవిడకు చెప్పాడు, "పాత ఆసుపత్రి విషయం, పద," అని. ఇద్దరూ నడిచి వెళ్లిపోయారు. విచారణ గదిలో అనవలసినవి అన్నేళ్ల తర్వాత రోడ్డుమీద అన్నాను. అన్నందుకు మనసు తేలికపడుతుందనుకున్నాను, పడలేదు.

ఆ పని నేను ఒప్పుకోలేదు. కొత్త బ్లాకు మరుసటి ఏడు తెరిచారు, ప్లాను ఇంకెవరో గీసి ఉంటారు. వాళ్లు జనరల్ వార్డు లోపలికి వెళ్లి చూసి సంతకం పెట్టారో, గుమ్మం దగ్గరే పెట్టేశారో నాకు తెలియదు.